రథోత్సవం నాడు పడ్డ ముడి

"పంచనామా అయిపోయింది సాహెబ్. నాడె ఎగిరింది, కణతకు తాకింది, పోరి ఆడికాడనే పోయింది. బస్, ఝాలా. ఇంక మీరు జూసేదేముంది?"

ఇన్‌స్పెక్టర్ శ్రీనివాస్ ఆ మాటలంటూ కార్ఖానా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఒకప్పుడు ఇదే శ్రీనివాస్ పెంటప్ప కింద పనిచేసి, ఆయన అడుగులో అడుగేసి నడిచినవాడే. ఇప్పుడు టోపీ తనది, గుమ్మం తనది. పెంటప్ప పోలీసు ఉద్యోగం తనకు పడదని వదిలేసి సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్నాడు. డిటెక్టివ్‌కు పెంటప్ప అనే పేరేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆయన పట్టిన దొంగలెవరూ ఇంతవరకూ నవ్వలేదు.

కానీ ఈసారి ఆయన ఫీజు తీసుకుని వచ్చిన మనిషి కాదు. శ్రీనివాస్ 'పోరి' అన్నది ఆయన మేనకోడల్ని. అక్క గోదావరి కూతురు ఉష, చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి కులదైవం మార్కండేయుడి రథం చూసిన పిల్ల. పుణెలో పదార్థాల మీద పరిశోధన చేసేది. ఏ వస్తువు ఎందుకు విరుగుతుందో, ఎలా చేస్తే విరగదో కనిపెట్టడమే ఆమె చదువు. అన్నకు రాఖీ కట్టడానికి ఊరికొచ్చింది. నిన్న రాఖీ పున్నమి మధ్యాహ్నం, ఊరంతా రథం వెంట ఉన్న వేళ, నీలం నగర్‌లోని ఈ కార్ఖానాలో శవమై పడి ఉంది. ఆస్పత్రి నుంచి ఆమెను ఇంకా ఇంటికి పంపలేదు.

"జరుగు శ్రీనివాస్. అడుక్కునెతందుకు రాలె. చూసెతందుకొచ్చిన."

"మామ కండ్లతోని చూస్తరు మీరు. డిటెక్టివ్ కండ్లతోని కాదు."

"రెండూ నా మొఖం మీదనే ఉన్నయి. జరుగు."

శ్రీనివాస్ జరిగాడు. లోపల నాలుగు మరమగ్గాలు, నాలుగూ ఆగి ఉన్నాయి. కిటికీ పక్క మగ్గం దగ్గర నేల మీద సుద్దతో గీసిన గీత, ఆ గీతలో నల్లబడిన మరక. పెంటప్ప ఆ మరకను చూసి తల తిప్పుకున్నాడు. వృత్తిలో ఎన్ని మరకలు చూశాడో ఆయనకే లెక్క లేదు, ఈ ఒక్కదాన్ని చూడలేకపోయాడు. దగ్గు వచ్చినట్టు నటించి, అప్పుడు మగ్గం వైపు వచ్చాడు.

శ్రీనివాస్ రుమాలులో చుట్టిన రెండు ముక్కలు విప్పి చూపించాడు. "గిదిగో పిక్కర్. మీ మేనకోడలు చేసిందే."

మరమగ్గంలో పేక నూలు మోసుకుపోయే నాడెను ఈ కొస నుంచి ఆ కొసకు తన్నే చిన్న ముక్క పిక్కర్. బర్రెతోలుతో చేస్తారు. సోలాపూర్ ఎండకు తోలు బీటలు వారుతుంది. అది పగిలిందా, ఉక్కు ములుకుల నాడె దారి తప్పి మనిషి మీదికి లేస్తుంది. ఉష తండ్రి సాయిలు కుడి కన్ను అట్లాగే పోయింది. పోయాక ఆయన మగ్గం ముందు కూర్చోలేదు, ఎక్కువ రోజులు బతకనూ లేదు. ఆ కన్ను కోసమే ఉష అంత చదువు చదివింది. కార్ఖానాల్లో ఊడ్చిపారేసే నూలు చెత్తను నైలాన్‌తో కలిపి అచ్చుపోసి, ఎండకు పగలని పిక్కర్ తయారుచేసింది.

"తను చేసిన సామానే తన పానం తీసింది," అన్నాడు శ్రీనివాస్. "రిపోర్టుల గదే రాస్తున్న. పేపరోళ్లకు గూడ చెప్పిన. ఇంకో కార్ఖానాల ఇంకోడు సావొద్దు గద."

పిల్ల పోయింది. రేపు పేపర్లో ఆ నాలుగు వాక్యాలు పడితే ఆమె చేసిన పని కూడా పోతుంది. సొంత మనిషినే చంపిన పిక్కర్‌ను సోలాపూర్‌లో ఎవడు ముట్టుకుంటాడు? మళ్లీ అదే బర్రెతోలు, మళ్లీ అవే కళ్లు పోవడాలు.

"నిన్న ఈ మగ్గం నడిచిందంటవా?" అనడిగాడు.

"నడువకుంటే నాడె ఎట్లెగుర్తది సాహెబ్?"

"రథోత్సవం నాడు ఏ పద్మశాలోడు మగ్గం నడుపుతడు?"

"సదువుకున్న పోరి. దేవుడనది, దయ్యమనది. ఎవలు లేరు గదా, పరీక్ష జేద్దామనుకున్నది."

పెంటప్ప మగ్గం పక్కకు వెళ్లి వేలు చూపించాడు. పిక్కర్‌ను కొట్టే కర్రకు బంతిపూల దండ చుట్టి ఉంది. పండుగ పొద్దున పూజలో చుట్టిన దండ. కర్రకు పెట్టిన కుంకుమ పూలకు అంటి ఎండిపోయి ఉంది.

"మగ్గం నడిస్తే ముందుగాల గుంజుకునేది గీ కర్ర. ఒక్క దెబ్బకు దండ తుంపులు తుంపులై ఎగిరిపోవాలె. ఒక్క రెక్కన్న రాలిందా?"

"తర్వాత ఎవలన్న చుట్టిండ్రేమో."

"పువ్వు తీసి చూడు. కింద కుంకుమ గూడ దాంతోనే వస్తది. ఎండినంక అంటుకోదు గద కుంకుమ?"

శ్రీనివాస్ ఒక పువ్వు పీకి చూశాడు. ఎర్రటి పెళ్ల దాని వెంటే ఊడొచ్చింది. పెంటప్ప పిక్కర్ ముక్కలు చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పాడు. విరిగిన చోట ఒక పక్క గుండ్రంగా నొక్కుకుపోయి, తెల్లబారి ఉంది. "ఇది పగల్లే. రాయి మీద పెట్టి సుత్తెతోని పగలగొట్టిండ్రు. సుత్తె మొఖం అచ్చు పడ్డది చూడు. మగ్గం నడువలె, నాడె ఎగరలె. నాడెను ఎవడో చేతిల పట్టుకొని కొట్టిండు శ్రీనివాస్."

"ఎవడు?"

దానికి జవాబు కోసమే పెంటప్ప మగ్గం మీదికి వంగాడు. చద్దర్ కోసం ఎక్కించిన తెల్లని నిలువు పోగుల పడుగు. అందులో నాలుగు పోగులు ఒకే వరసలో తెగి ఉన్నాయి. పడుగు నడుమ ఆగిన నాడెను కోపంతో బయటికి గుంజితే తెగే పద్ధతి అది. తెగడం వింత కాదు. తెగిన నాలుగింటికీ ముడి పడి ఉంది. ఆ ముడుల కొసలు నాలుగూ నెత్తురు ఎండి గోధుమరంగుకు తిరిగాయి.

అంటే ముడి పడింది దెబ్బ తర్వాత!

దొంగ అయితే పారిపోతాడు. కిరాయి మనిషి అయితే తలుపేసుకుని పోతాడు. తెగిన పోగు కంటబడితే చెయ్యి ఊరుకోని జాతి ఒక్కటే ఉంది లోకంలో. తెగిన పోగును చూసి నిద్రపోయినోడు సాలోడు కాడని ఆయన తల్లి అంటుండేది. ఇక్కడొకడు మనిషిని కొట్టి, ఆమె కాళ్ల దగ్గర పడి ఉండగా, ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా, నెత్తుటి వేళ్లతో నాలుగు పోగులు ముడివేశాడు. ఇంత తెలివిగా పిక్కర్ పగలగొట్టినవాడికి ఈ సంగతి గుర్తుకూడా ఉండి ఉండదు. చిన్నప్పటి నుంచి చేతులకు పట్టిన అలవాటు అది.

ఆయన మిగతా మూడు మగ్గాల దగ్గరికీ వెళ్లి అక్కడి ముడులు చూసి వచ్చాడు. వాటి కొసలన్నీ కుడి వైపుకే ఉన్నాయి. ఇక్కడివి మాత్రం ఎడమకు తిరిగి, ఒక చుట్టు ఎక్కువ పడి ఉన్నాయి. ఎవరి ముడి వాళ్ల సంతకం లాంటిది. ఈ కార్ఖానాలో పనిచేసేవాళ్లది కాదిది.

"ముడి జూసి కోర్టుల ఉరేస్తరా సాహెబ్?" శ్రీనివాస్ నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. "నా పై ఆఫీసర్‌కు మనిషి కావాలె, దారం కాదు. నాలుగింటికి కార్ఖానాను మాలక్‌కు అప్పజెప్తున్న. నెత్తురైన పడుగు మీద ఎవలు నేస్తరు? కోసేసి కొత్తది ఎక్కిస్తరంట. అంతలోపల మనిషిని చూపెట్టుండ్రి, నా రిపోర్టు నేనే చింపుత. లేకపోతే మీ దండ కథ మీరే చెప్పుకోండ్రి."

"మూడు ముడులు నీ కండ్ల ముందల్నే ఉంచుతున్న. ఒకటి నాకియ్యి."

"తీస్కపోండ్రి. దారం ముక్కకు పంచనామా ఎందుకు?"

పెంటప్ప ఒక ముడిని అటూ ఇటూ కత్తిరించి ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటబోతూ అడిగాడు, "ముందుగాల ఎవలు చూసిండ్రు ఆమెను?"

"అన్న శంకరే. రథం కాడికి చెల్లెను పిలుచుకపోదామని వచ్చిండంట. పిచ్చోని లెక్క ఏడ్చిండు పాపం."

*

కార్ఖానా యజమాని సిద్ధరాములు సేఠ్ జోడ్‌భావి పేట్‌లో తన దుకాణం అరుగు మీదే దొరికాడు. తోలు పిక్కర్లు చేయించి ఊరందరికీ అమ్మేది ఆయనే. ఉష పిక్కర్ బజారుకొస్తే మొదట మునిగేది ఆయన దుకాణమే. అందుకే పెంటప్ప కుశల ప్రశ్నలు పెట్టుకోలేదు.

"సేఠ్, మా పిల్లతోని నీకు లడాయి ఏంది?"

"లడాయి గాదు పెంటప్పా, బతిమిలాడుడు." సిద్ధరాములు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గట్ల చూడకు నా దిక్కు. పోరి చేసింది బంగారం. పేటెంట్ తీసుకుందాం బిడ్డా, లోకమంత మన కాడనే కొంటదన్న. ఏమన్నదో తెలుసా? 'కాకా, ఎట్ల చేయాల్నో మొత్తం రాసి అందరికి ఊరికే ఇస్త. మా సైన్సు పత్రికలల్ల అచ్చేస్తే వాటి చందా కట్టెతందుకు మా కాలేజీకే శాతకాదు. మన మగ్గం మీద చేసిన పని మనోళ్లే సదువలేకపోతే ఎందుకది?' అన్నది. ఊరికేనంట!"

పెంటప్పకు ఆ మాటల్లో ఉష గొంతు వినిపించింది. ఆయనకూ అదే చెప్పింది, ఇంకా నవ్వుతూ. మామా, నూలు చెత్త ఎవలిది? కండ్లు పోయేది ఎవలియి? మరి ఉపాయం మటుకు ఒక్కని సొమ్మెట్ల అయితది?

"ఊరికే ఇస్తే నీకేం పోతది?" అన్నాడు గట్టిగా.

"వకీలు చెప్పిండు. దరఖాస్తు పడకముందల, లోకంల యాడ బయటపడ్డా పేటెంట్ రాదు. వచ్చే సోమవారం దరఖాస్తు పెట్టేదుండె."

"అందుకే నోరు మూయించినవా?"

సిద్ధరాములు కోపం తెచ్చుకోలేదు. రెండు అరచేతులూ చాచి చూపించాడు. రథం తాడు లాగి లాగి బొబ్బలెక్కి, చర్మం లేచిపోయిన చేతులు. "రథం కదిలిన కాడినుంచి గుడికొచ్చేదాంక తాడు ఇడువలె నేను. ఊరందరిని అడుగు. నా ఒళ్లె ఆడిన పిల్లరా అది. ఇంకో మాటంటే నేను సచ్చిపోత."

ఇలాంటి చేతులతో అబద్ధం కుదరదు. పెంటప్ప గొంతు కాస్త తగ్గింది. "దరఖాస్తు ఎవరి పేరు మీద?"

సిద్ధరాములు తల దించుకున్నాడు. "నా పేరు మీద గాదు. మీ శంకర్ పేరు మీద."

శంకర్ ఆయన దగ్గరే గుమాస్తా. చెల్లెలి చదువు కోసం బడి మానేసి మగ్గమెక్కినవాడు. ఆ మగ్గంలోనే చిన్నప్పుడు కుడి బొటనవేలి కొస పోగొట్టుకున్నాడు. పెరిగాక మగ్గం వదిలి ఈ దుకాణంలో చేరాడు.

"వాడే అడిగిండు నన్ను," అన్నాడు సిద్ధరాములు. "'సేఠ్, పిక్కర్ చేసినోని కాడ నా పేరు పెట్టు, ఇంక నాకేం ఒద్దు' అన్నడు. ఇంట్ల పిల్లగాని పేరుంటే ఉష గూడ ఊకుంటదనుకున్న."

"నిన్న వాడు నీ పక్కనే ఉన్నడా?"

"ఉన్నడు. నడుమ నీళ్లు తాగొస్తనని పోయిండు." సిద్ధరాములు ఆగాడు. తన నోటి నుంచి ఏం వచ్చిందో అప్పుడే అర్థమైనట్టు పెంటప్ప ముఖంలోకి చూశాడు. "కార్ఖానా తాళంచెయ్యి వాని కాడనే ఉంటది. అంత మాత్రాన... పెంటప్పా, గట్ల అనుకోకు. వద్దురా."

పెంటప్ప అనుకోలేదు. అనుకోవద్దని తనకు తాను చెప్పుకుంటూ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి దూరి పుణెకు ఫోన్ చేశాడు. ఉషతో కలిసి పనిచేసే వసంత ఎత్తింది. ఆమెకు విషయం నిన్ననే తెలిసింది.

"ఉష ఆ వ్యాసం ఎప్పుడు బయట పెట్టాలనుకుంది అమ్మా?"

"అనుకోవడమేమిటండీ? ఊరికి బయల్దేరేముందు శుక్రవారమే పెట్టేసింది. బయటి దేశంలో ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ ఉంది, అందులో పెడితే ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఇక్కడి నుంచే పంపాం. నేను పక్కనే ఉన్నాను." ఆమె ఏడుపు ఆపుకుంటోంది. "ఈజిప్టు నుంచి ఒకాయన, బ్రెజిల్ నుంచి ఒకావిడ జవాబు రాశారు. వాళ్ల ఊళ్లలో కూడా నేత మిల్లులున్నాయట, చేసి చూస్తామన్నారు. ఆమెకు చూపిద్దామని దాచి ఉంచాను సార్."

పెంటప్ప రిసీవర్ పెట్టేశాడు. రాఖీ పండుగ నాటికే అంతా లోకానికి తెలిసిపోయింది. ఆ పేటెంట్ అప్పటికే చచ్చింది. ఏ కాగితాన్ని కాపాడదామని ఉషను కొట్టారో ఆ కాగితానికి అప్పటికే విలువ లేదు. ఈ సంగతి చెప్పి నవ్వడానికి ఆ పిల్ల ఒక్కతే మిగల్లేదు.

*

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో అక్క ఇంటి ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. గోదావరి లోపల గోడకానుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. మూలన ఆమె బీడీల చాట, ఆకు, దారం ఉండ, నిన్న పొద్దున ఎట్లా పెట్టిందో అట్లాగే ఉన్నాయి.

పెంటప్ప ఏం చెప్పకూడదనే వచ్చాడు. దండ సంగతి చెప్పి, పిక్కర్ తప్పేం లేదని చెప్పి, అక్కడితో ఆపుదామనుకున్నాడు. కానీ పక్కన కూర్చోగానే ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, నా బిడ్డ చేసిన సామానే నా బిడ్డను తిన్నదని బయట అనుకుంటున్నరు. నిజమేనా?"

"కాదక్కా. ఆమె చేసింది పగల్లే. ఎవడో సుత్తెతోని పగలగొట్టిండు."

"మరి ఎవలు?"

"తెల్వది."

"నీకు అబద్ధమాడుడు చిన్నప్పటికెల్లి రాదు. జేబు మీద చెయ్యెందుకు పెట్టుకున్నవు?"

పెంటప్ప అప్పుడు గానీ చూసుకోలేదు. అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు, ఎందుకు పెట్టాడో ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నా ఆయనకు తెలియలేదు. గోదావరి పెట్టె తెరిచి ముడిని వేళ్ల మధ్య తిప్పింది. ఒకసారి తిప్పి, ఇంకోసారి తిప్పి, కళ్లు మూసుకుని వేలి కొసతో తడిమింది. తర్వాత దాన్ని పిడికిట్లో బిగించింది. అసలేమీ అడగలేదు.

అడగకపోవడమే ఆయనకు అన్నీ చెప్పింది.

"అక్కా..."

"మాట్లాడకు జర్ర."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. శంకర్ లోపలికి వచ్చాడు. నిన్నటి బట్టలే, గడ్డం మాసి ఉంది. కుడి మణికట్టుకు ఎర్రటి రాఖీ ఇంకా ఉంది. "మామా, ఆస్పత్రోళ్లు మూడింటికి పంపిస్తమన్నరు," అన్నాడు నేల చూస్తూ.

గోదావరి చాట దగ్గరికి జరిగింది. దారం ఉండ తీసుకుని, రెండు చేతులతో పట్టి పుటుక్కున తెంపింది. "బిడ్డా, దారం తెగింది. నా చేతులు వణుకుతున్నయి. జర ముడెయ్యి."

"ఇప్పుడెందుకమ్మా?"

"ఎయ్యి బిడ్డా."

శంకర్ తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆలోచించలేదు. కుడి బొటనవేలికి కొస లేదు గనుక దారాన్ని ఎడమ వేళ్ల మధ్య పట్టుకుని, ఒక చుట్టు ఎక్కువ చుట్టి, కొసను ఎడమకు తిప్పి లాగాడు. రెప్పపాటులో అయిపోయింది. రాఖీ దారం ఆ ముడి పక్కనే ఊగింది.

గోదావరి పిడికిలి విప్పి నెత్తుటి ముడిని దాని పక్కన పెట్టింది.

"గీ ముడి నీకు నేనే నేర్పిన శంకరూ. వేలు పోయినంక ఏడుస్తుంటే ఒళ్లె కూసోబెట్టుకొని నేర్పిన. ఈ ఊర్ల ఇంకెవలూ ఎయ్యరు."

శంకర్ రెండు ముడులనూ చూశాడు. తన చేతులను చూసుకున్నాడు. ఆ పోగులు తానే ముడివేశానని అప్పుడే తెలిసినట్టు నోరు తెరిచాడు. మాటలన్నీ ఒక్కసారే వచ్చాయి.

"ఒక్క కాయిదం మీద నా పేరుంటే ఏం బోతుండె అమ్మా? సదువు ఆమెది, పేరు ఆమెది. నాకేమున్నది? ఎవలు లేరని కార్ఖానాకు పిలిచి, అచ్చెయ్యకు చెల్లే అని కాళ్లు మొక్కిన. నవ్వింది. కోపమొచ్చింది, నాడె గుంజిన. కొట్టాల్నని కాదు మామా... దేవుని మీద ఒట్టు..."

"శుక్రవారమే అచ్చయిందిరా," అన్నాడు పెంటప్ప.

"అన్నా, నేను చెప్పేది ఇను, అన్నా ఇను, అంటనే ఉండె." శంకర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "గదేనా చెప్పాలనుకున్నది? గదేనా మామా? నేను చెప్పనియ్యలే."

పెంటప్ప అక్కను చూశాడు. ఒక్క మాటంటే చాలు, ఆ రెండు దారాలనూ దీపంలో పెట్టి తను వెళ్లిపోతాడు. నాలుగింటికి పడుగు కోసేస్తారు. అక్కకు ఒక్కడైనా మిగులుతాడు. ఆ మాట అనమని ఆయన కళ్లతోనే అడిగాడు.

గోదావరి కొడుకు తలను ఒళ్లోకి లాక్కుంది. జుట్టు నిమిరింది. మణికట్టు మీది రాఖీని కొంగుతో తుడిచింది. ఎక్కిళ్ల మధ్యనే, తొట్రుపడకుండా, ఆయన అడగని మాట అన్నది.

"పో తమ్మీ. ఆ పడుగు కోయకముందే పో. నా బిడ్డ చేసింది మంచిదని అందరికి చెప్పు. వీణ్ని నేను పట్టుకొని కూసుంట, నువ్వు పోలీసులను తీస్కరా."